నా వేళ్ళకి అంకితం

మా బాబాయి లిఫ్టులు బాగుచేస్తాడు. ఎంత మొరాయించే లిఫ్టయినా ఆయన చెయ్యి పడిందంటే బుద్ధిగా పైకీ కిందికీ తిరుగుతుంది. చిక్కంతా మాట దగ్గరే. ప్రేమగా ఒక మాట అందామని నోరు తెరిచాడంటే చాలు, వినేవాళ్ళకి కోపమో ఏడుపో రావాల్సిందే.

పోయినేడు పిన్ని పుట్టినరోజున అదే జరిగింది. పిన్ని ఫిజియోథెరపిస్టు. పట్టేసిన మెడలూ బిగుసుకుపోయిన భుజాలూ ఆమె చేతిలో పడి దారికొస్తాయి. ఆ సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చి, బాబాయి తెచ్చిన కేకు కోసింది. నానమ్మ, పిన్ని వాళ్ళ అన్నయ్య, ఉద్యోగం కోసం వచ్చి వాళ్ళింట్లోనే ఉంటున్న నేను, అందరం చప్పట్లు కొట్టాం. పిన్ని అన్నయ్య డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తాడు. పక్క సీట్లో ఉన్నవాడితో కూడా రోడ్డవతలి మనిషిని పిలిచినట్టు మాట్లాడతాడు కాబట్టి ఆయన్ని మేమంతా హారన్ మావయ్య అంటాం.

"ఏదైనా మాట్లాడు బావా! ఇంత మంచిరోజున అలా గుడ్లప్పగించి చూస్తావేంటి?" అని అరిచాడాయన.

బాబాయి లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. పిన్ని వైపు చూసి, "ఇదిగో, నువ్వు ఈ ఇంటికి కౌంటర్ వెయిట్ లాంటిదానివి" అన్నాడు.

"ఏంటి లాంటిదాన్ని?" అంది పిన్ని.

"కౌంటర్ వెయిట్. లిఫ్టుకి అవతలి పక్కన ఇనప దిమ్మలు వేలాడుతుంటాయి చూడు. చాలా బరువు..."

"ఇనప దిమ్మా?"

"ఒకటి కాదు. వరసగా పేరుస్తారు."

ఆ దిమ్మలు లేకపోతే లిఫ్టు అంగుళం కూడా లేవదనీ, మోసేదంతా అవేననీ చెప్పాలని పాపం ఆయన ఉద్దేశం. చెప్పనిచ్చేదెవరు? పిన్ని చాకును కేకులో నిలువునా గుచ్చి లోపలికి వెళ్ళిపోయింది. మిగిలిన కేకు హారన్ మావయ్య తిన్నాడు. ఆ వారమంతా బాబాయితో పిన్ని మాటలు నా ద్వారా నడిచాయి. "టిఫిన్ బాక్సు మర్చిపోయారని మీ బాబాయికి చెప్పు" అని ఆయన ఎదురుగా నిలబడే నాతో అనేది.

సరిగ్గా ఆ వారంలోనే గిటారు ఇంటికి వచ్చింది. బాబాయి పనిచేస్తున్న ఒక అపార్ట్‌మెంటులో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ, సామాన్ల బండిలో చోటు చాలక, "అంకుల్, మీరు తీసుకుంటారా?" అని చేతిలో పెట్టేసి వెళ్ళిపోయారట. ఆరు తీగలుండాల్సిన దానికి ఐదే ఉన్నాయి. బాబాయి దాన్ని సోఫాలో కూర్చోబెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని చాలాసేపు చూశాడు.

"అమ్మాయ్, దీంతో మాటలు అక్కర్లేదు కదా?" అని నన్నడిగాడు.

"దేనికి బాబాయ్?"

"ఎవరికైనా ఏదైనా చెప్పడానికి."

అలా మొదలైంది. తీగ కొని బిగించాడు. ఫోనులో పాఠాలు చూస్తూ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. గిటారులో పట్లు ఉంటాయి. రెండు మూడు వేళ్ళు వేరువేరు తీగల మీద ఒకేసారి నొక్కిపెడితే ఒక పట్టు. వాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. బాబాయికి ఆ అక్షరాలు ఎంతకీ తలకెక్కలేదు. చివరికి ఆయనకి వచ్చిన భాషలోకి మార్చుకున్నాడు. మొదటి పట్టు గ్రౌండు. రెండోది ఫస్టు. మూడోది సెకండు. వాయిస్తూ పైకే చెప్పుకునేవాడు: "గ్రౌండు, గ్రౌండు, ఫస్టు, సెకండు, మళ్ళీ గ్రౌండు." హాల్లో కూర్చున్న నానమ్మ, "వీడు ఇంట్లో కూడా డ్యూటీ చేస్తున్నాడేంటే?" అని నన్నడిగేది.

నాలుగోదొకటి ఉంది. అందులో చూపుడువేలిని అన్ని తీగల మీదా అడ్డంగా పడుకోబెట్టి నొక్కాలి, మిగతా వేళ్ళు తలా ఒక దిక్కు పోవాలి. బాబాయి దానికి టెర్రస్ అని పేరుపెట్టాడు. "అక్కడిదాకా లిఫ్టు పోదమ్మాయ్. మెట్లెక్కి పోవాల్సిందే" అనేవాడు. ఆయన ఆ మెట్లెక్కుతున్నప్పుడు పాట ఆగిపోయేది. మేమంతా ఊపిరి బిగబట్టి ఎదురుచూసేవాళ్ళం. వేళ్ళన్నీ వాటి వాటి చోట్లకి చేరాక "ఠప్" మని ఒక శబ్దం వచ్చేది.

కొన్ని నెలలకి ఆయన చేతివేళ్ళ చివర్లు కమిలి, పగిలి, ప్లాస్టర్లతో నిండిపోయాయి. అప్పుడు ప్రకటించాడు, ఒక ఆల్బమ్ చేస్తానని. ఇంట్లో మనిషికో పాట. ఎవరి పాట వాళ్ళకి అంకితం. మాటలుండవు, గిటారు ఒక్కటే.

"ఎవరు కొంటారు బావా?" అని హారన్ మావయ్య అడిగాడు.

"కొనడానికి కాదు. ఇవ్వడానికి."

"అయితే సరే. నాది కాస్త హుషారుగా ఉండాలి!"

రికార్డింగుకి ఫోనైతే చాలు, నిశ్శబ్దం ఉండాలి అన్నారట పాఠం చెప్పేవాళ్ళు. మా ఇంట్లో దొరకనిది అదొక్కటే. నానమ్మ టీవీ, కింద కుక్కరు రిపేరు షాపు, నీళ్ళ మోటారు, వారానికోసారి హారన్ మావయ్య. బాబాయి ఇల్లంతా వెతికి, చివరికి పడకగదిలో ఉన్న పెద్ద చెక్క బీరువాని ఎంచుకున్నాడు. కింది అరలో ఉన్న దుప్పట్లూ రగ్గులూ తీసి లోపలి పక్కలకి ఆనించి, మధ్యలో ముడుచుకు కూర్చుని, గిటారుని ఒళ్ళో పెట్టుకుని తలుపు మూసుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ముందుగా నా పాట రికార్డు చేశాడు. అది బాగానే పూర్తయింది. హారన్ మావయ్య పాట కూడా అయింది. మూడోది మొదలుపెట్టగానే పిన్ని తువ్వాలు కోసం బీరువా తెరిచింది. చీకట్లో, రగ్గుల మధ్య, నుదుటికి టార్చిలైటు కట్టుకున్న మనిషి ఆమెను చూసి, "మూసెయ్, మూసెయ్, పాట పోతోంది!" అన్నాడు.

పిన్ని వేసిన కేక ఆ రికార్డింగులో ఇప్పటికీ ఉంది. నాకు తెలిసి మా ఇంట్లో ఎవరూ అంత పైస్థాయి అందుకోలేదు.

బీరువా ప్రవేశం రద్దయింది. అప్పుడు బాబాయికి లిఫ్టు గుర్తొచ్చింది. ఆయన నెలనెలా చూసే ఆరంతస్తుల అపార్ట్‌మెంటు ఒకటుంది. ఆదివారం మధ్యాహ్నం అక్కడందరూ నిద్రపోతారు. ఆ వారం ఎలాగూ బ్యాటరీ మార్చాలి. కరెంటు పోయినప్పుడు లిఫ్టుని దగ్గర్లోని అంతస్తుకి చేర్చేది ఆ బ్యాటరీయే. పాతది తీసి పక్కన పెట్టాడు. కొత్తది పాటయ్యాక పెడదామనుకున్నాడు. కింద "మరమ్మతు జరుగుతోంది" అనే బోర్డు తగిలించి, గిటారుతో లోపలికి వెళ్ళి, మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ నడుమ లిఫ్టుని ఆపాడు. అక్కడ శబ్దం గుండ్రంగా ఉంటుందని ఆయన నమ్మకం.

ఈసారి వాయించాల్సింది నానమ్మ పాట. నెమ్మదిగా సాగేది. గ్రౌండు నుంచి సెకండుకి వేలు జారుస్తూ వెళ్ళాలి. రెండు జార్లు జార్చాడో లేదో ఫోను మోగింది. మూడో అంతస్తులో ఉండే పళ్ళ డాక్టరమ్మ.

"లిఫ్టు మెకానిక్ గారా? త్వరగా రండి. మా లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారు. లోపల్నించి మూలుగు వినిపిస్తోంది."

బాబాయి గొంతు తగ్గించి, "మూలుగు కాదేమోనండీ" అన్నాడు.

"మూలుగేనండీ. పళ్ళ డాక్టర్ని, నొప్పితో మూలిగేవాళ్ళ గొంతు నాకు తెలీదా? పాపం, పెద్దవయసు మనిషిలా ఉన్నారు. మీరెక్కడున్నారు?"

"దగ్గర్లోనే ఉన్నానండీ."

"ఎంత దగ్గర్లో?"

బాబాయి అబద్ధం చెప్పలేడు. "లోపలే ఉన్నానండీ" అన్నాడు.

ఆవిడకి ఇది అర్థమయ్యేలోపే ఆయన ఫోను పెట్టేసి, మళ్ళీ రికార్డింగు నొక్కి, పాట మొదట్నుంచీ అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

లిఫ్టులో చీకటి. కొత్త బ్యాటరీ పైన మెషిన్ రూములో నేలమీద ఉంది. జనరేటర్లో డీజిలు లేదు. తలుపులు చేత్తో లాగి, పైకి పాకి బయటపడే ఉపాయం ఆయనకి తెలుసు. కానీ రెండు అంతస్తుల మధ్య ఆగిన లిఫ్టులోంచి అలా పాకకూడదని ఊరందరికీ చెప్పిన మనిషే ఆయన. ఎన్ని లిఫ్టుల్లోనో అలా రాసిన స్టిక్కర్లు అంటించాడు కూడా. అందుకని నేలమీద చతికిలబడ్డాడు.

బయట ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. చెప్పుల చప్పుడు. పళ్ళ డాక్టరమ్మ మెట్ల మీద జనాన్ని పోగుచేసింది. తలుపు సందులోంచి ఆవిడ గొంతు వినిపించింది.

"కంగారు పడకండి. లోపలికి గాలి బాగా వస్తుంది. గోడకి ఆనుకుని కూర్చోండి. తలుపులు లాగే ప్రయత్నం చేయకండి."

"తెలుసండీ" అన్నాడు బాబాయి. "అది రాసింది నేనే."

"అయితే పాటించండి. సహాయం వస్తోంది."

"ఎవరిని పిలిచారండీ?"

"స్టిక్కరు మీదున్న నంబరుకి చేస్తున్నాను. బిజీ వస్తోంది."

"అది నా నంబరేనండీ. మీరు చేస్తుంటే మోగుతూనే ఉంది, నేను కట్ చేస్తున్నాను. రికార్డింగు ఆగిపోతుందని."

మెట్ల మీద ఎవరో మగగొంతుతో, "మాస్టారూ, ఏమీ అనుకోకపోతే, ఇందాక మధ్యలో ఆపిన ముక్క పూర్తి చేస్తారా? నిద్ర లేపారు, సగంలో వదిలేశారు" అన్నారు.

బాబాయి వాయించాడు. చీకట్లో వేళ్ళు కనిపించకపోవడంతో అక్కడక్కడా గ్రౌండు అనుకుని ఫస్టు మీదికి వెళ్ళాడు. అయినా మెట్ల మీద ఎవరూ కిక్కురుమనలేదు. అయిపోయాక చప్పట్లు. మళ్ళీ వాయించమన్నారు. మూడోసారి వాయిస్తుండగా కరెంటు వచ్చింది, లిఫ్టు ఒక్క కుదుపు కుదిపింది, బాబాయి చెయ్యి తీగలన్నిటి మీదుగా గీరుకుంటూ పోయింది. నాలుగో అంతస్తులో తలుపులు తెరుచుకునేసరికి ఆయన గిటారుని కావలించుకుని నేలమీద ఉన్నాడు. గుమ్మం ముందు సగం అపార్ట్‌మెంటు నిలబడి ఉంది.

"ఇంతకీ ఏంటండీ ఆ మూలుగు?" అంది పళ్ళ డాక్టరమ్మ.

బాబాయి లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "మా అమ్మకి అంకితమండీ" అన్నాడు.

పిన్ని పాట ఒక్కటే మిగిలింది. దాన్ని ఆమె క్లినిక్‌కి వెళ్ళినప్పుడు, నన్ను గదిగుమ్మంలో కాపలా పెట్టి, బీరువాలోనే చేశాడు. ఎన్నిసార్లు వాయించాడో నేను లెక్కపెట్టలేదు గానీ, ఒక్కోసారి తలుపు తెరిచి చెమటలు కారుతూ బయటికి వచ్చి, "టెర్రస్ దగ్గర జారిపోయానమ్మాయ్" అని నీళ్ళు తాగి మళ్ళీ లోపలికి పోయేవాడు. "ఆ పట్టు తీసేయొచ్చుగా బాబాయ్" అన్నాను. "మీ పిన్ని పాటలో అది లేకపోతే ఎలా?" అన్నాడు. ఎందుకు ఉండాలో చెప్పలేకపోయాడు. నేను కూడా ఒత్తిడి చేయలేదు. చెబితే ఏం చెబుతాడోనని భయం.

ఆల్బమ్ అంటే చేతికి తగలాలి, ఫోనులో పంపితే అది మెసేజ్ అవుతుంది అని బాబాయి పట్టుబట్టాడు. కాబట్టి సీడీ. నేను పనిచేసేది ప్రింటింగ్ షాపులో. అక్కడి పాత కంప్యూటర్లో సీడీలు రాశాం. అట్ట మీద వేయాల్సిన మాట ఆయన ఫోనులో పంపాడు: "నా వేళ్ళకి అంకితం."

నాకు కొంచెం వింతగా అనిపించి ఫోను చేశాను. "బాబాయ్, నువ్వు పంపిందే వేసేయమంటావా? ఇదేనా?"

ఆయన ఎక్కడో లిఫ్టు గుంటలో ఉన్నాడు. గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. "అదే అదే. వేసెయ్. అందంగా వెయ్."

ఆ ప్లాస్టర్లు గుర్తొచ్చి, న్యాయమే అనుకున్నాను. బంగారు రంగు అక్షరాల్లో అందంగా వేశాను.

సీడీలు చేతికొచ్చాక తెలిసింది, ఇంట్లో సీడీ పెట్టి వినేది ఏదీ లేదని. ఇరుగుపొరుగుని అడిగాం, వాళ్ళ దగ్గరా లేదు. ఉన్నదొక్కటే, హారన్ మావయ్య డ్రైవింగ్ స్కూలు కారులో. అందుకని ఒక ఆదివారం ఉదయం మా కుటుంబమంతా ఇంటి ముందు ఆపిన కారులో కూర్చుంది. స్టీరింగు దగ్గర హారన్ మావయ్య. పక్కన, నేర్పేవాళ్ళ కోసం అదనంగా బ్రేకు బిగించిన సీట్లో నానమ్మ. వెనక పిన్ని, నేను, మధ్యలో బాబాయి. వీధి రొద రాకుండా అద్దాలు ఎత్తేశాం. పైన "నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి" అనే బోర్డు.

హారన్ మావయ్య అట్ట చేతిలోకి తీసుకుని గట్టిగా చదివాడు. "నా... వేళ్ళకి... అంకితం! ఇదేంటి బావా? ఇంతా చేసి నీ వేళ్ళకే అంకితమిచ్చుకున్నావా?"

బాబాయి అట్ట లాక్కుని చూశాడు. "వాళ్ళకి! నావాళ్ళకి అనే కదా రాశాను!" అని నా వైపు తిరిగాడు. నేను ఫోను తీసి ఆయన మెసేజ్ చూపించాను. ప్లాస్టరు చుట్టిన బొటనవేలు ఎక్కడ తగలాలో అక్కడ తగల్లేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"పోనీలెండి. అవి కూడా కష్టపడ్డాయి కదా" అంది పిన్ని.

మొదట నా పాట. చిన్నగా, ముద్దుగా ఉంది. అయిపోయిందనుకునేసరికి మళ్ళీ మొదట్నుంచీ అదే వచ్చింది. "రెండుసార్లెందుకు బాబాయ్?" అన్నాను. ఆయన వెలిగిపోతూ, "జిరాక్స్! నువ్వు చేసే పనే కదా!" అన్నాడు.

తర్వాత హారన్ మావయ్యది. హుషారుగా అడిగిన మనిషికి బాబాయి చాలా నెమ్మదిగా, దగ్గరికెళ్తే తప్ప వినిపించనంత మెత్తగా వాయించాడు. "మొదలైందా? సౌండు పెంచనా? ఇది నాదేనా? ఎప్పుడు మొదలవుతుంది బావా?" అని మావయ్య అడుగుతూనే ఉన్నాడు. ఆయన మాటలు ఆపి ఊపిరి పీల్చుకున్నప్పుడు చివరి తీగ వినిపించింది. "అబ్బ, భలే ఉంది!" అన్నాడు. "మళ్ళీ పెట్టు!" మళ్ళీ పెట్టాం. మళ్ళీ మాట్లాడాడు.

నానమ్మ పాట మొదలయ్యాక ఆవిడ ముందుకు వంగి చెవి పెట్టింది. గిటారుని పట్టించుకోలేదు. పళ్ళ డాక్టరమ్మ గొంతు, చెప్పుల చప్పుళ్ళు, మగగొంతు, అన్నీ జాగ్రత్తగా విన్నది. కుదుపు వచ్చినచోట ఉలిక్కిపడి కాలు నొక్కింది. కదలని కారుకి బ్రేకు పడింది.

"ఒరేయ్, ఆ లోపల ఇరుక్కున్నవాడు బయటికొచ్చాడా లేదా?" అంది.

"నేనేనమ్మా అది. వచ్చాను. ఇదిగో, నీ వెనకే ఉన్నాను."

నానమ్మ వెనక్కి తిరిగి ఆయన్ని తేరిపార చూసింది. చెయ్యి చాచి ఆయన మోకాలు తడిమింది. "కథ బాగుందిరా. మధ్యలో ఆ సంగీతం కాస్త తగ్గిస్తే బావుండేది" అంది.

పిన్ని పాట ఆఖరిది. కారులో అందరూ సర్దుకు కూర్చున్నారు. హారన్ మావయ్య కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గ్రౌండు, ఫస్టు, సెకండు, మళ్ళీ గ్రౌండు. తర్వాత పాట ఆగింది. ఏమీ లేదు. బీరువాలో ఆయన ఊపిరి పీలుస్తున్న చప్పుడు, రగ్గు రాసుకున్న చప్పుడు. వేళ్ళు ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. అప్పుడు టెర్రస్. మా ఇంట్లో ఇన్ని నెలలూ విన్న "ఠప్" కాదు. తీగలన్నీ విడివిడిగా, నిండుగా మోగాయి. పాటలో అది నాలుగుచోట్ల వచ్చింది. నాలుగుసార్లూ కారులో ఎవరూ కదల్లేదు.

అయిపోయాక పిన్ని అడిగింది. "నా పాటకి పేరేం పెట్టారు?"

"పెట్టలేదు" అన్నాడు బాబాయి. "పెడితే మళ్ళీ ఏదో అంటాను."

పిన్ని ఆయన ఎడమచెయ్యి లాక్కుని, మణికట్టు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. "మణికట్టు బాగా వంచుతున్నారు. ఆ ఆగినచోట వినిపించింది నాకు. ఇలా వాయిస్తే చెయ్యి పట్టేస్తుంది" అంటూ అక్కడే, వెనక సీట్లోనే, బొటనవేలితో నొక్కడం మొదలుపెట్టింది. బాబాయి "అమ్మా" అన్నాడు. "ఏంట్రా?" అంది నానమ్మ ముందు సీట్లోంచి. పిన్ని నవ్వేసింది. నొక్కడం అయిపోయాక కూడా చెయ్యి వదల్లేదు. హారన్ మావయ్య దాన్ని అద్దంలో చూసి, ఏదో అనబోయి, అనకుండా ఊరుకున్నాడు. ఆయన జీవితంలో అలాంటివి తక్కువ.

అక్కడితో సుఖంగా అయిపోవాల్సింది. కానీ నేను ఆ సాయంత్రం మా అమ్మకి ఫోను చేసి అంతా చెప్పాను. అమ్మా నాన్నా వేరే ఊళ్ళో ఉంటారు. నాన్న, "బానే ఉంది" అని పేపరు చదువుకోవడానికి పోయాడు. అమ్మ మాత్రం ఫోను వదల్లేదు.

"మరి నాది?" అంది.

"నీదంటే?"

"అత్తగారికి ఉంది, తోడికోడలికి ఉంది, తోడికోడలి అన్నగారికి ఉంది, నా కడుపున పుట్టినదానికి రెండుసార్లుంది. నేనేం చేశానే? మీ బాబాయికివ్వు."

ఇచ్చాను. బాబాయి నిలబడి మాట్లాడాడు. "అయ్యో వదినా... లేదు వదినా... మర్చిపోలేదు వదినా, మీరు ఇంట్లో లేరు కదా, అందుకని..." ఆయన ఎంత చెప్పినా పరిస్థితి ముదురుతోందే గానీ తగ్గడం లేదు. చివరికి పిన్ని ఫోను తీసుకుని, రెండో ఆల్బమ్ అక్కయ్యదేనని మాట ఇచ్చేసింది.

పై ఆదివారం అమ్మ బస్సు దిగింది. సంచీ గుమ్మంలో పెట్టి, మంచినీళ్ళు తాగి, "వట్టి గిటారేం బావుంటుంది మరిదీ? నేను పాడతాను" అంది.

మా అమ్మ గొంతు గురించి బయటివాళ్ళకి తెలియదు. ఇంట్లోవాళ్ళం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నానమ్మ లేచి టీవీ పెట్టుకుంది. హారన్ మావయ్య మాత్రం ఉత్సాహంగా కారు తాళాలు తీసి, అద్దాలెత్తుకుని అందులో పాడుకోమన్నాడు. బాబాయి గిటారు మెళ్ళో వేసుకుని, "ఏ పట్టులో మొదలుపెడతారు వదినా?" అని మర్యాదగా అడిగాడు.

"నువ్వు ఎక్కడైనా మొదలుపెట్టుకో. నేను పాడేది నేను పాడతాను" అంది అమ్మ, కారు తలుపు వేసుకుంటూ.